పన్నెండు తరాలు

దుంపల భూషణం ఇంటికి మూడు గుర్తింపు కార్డులు ఒకే కవరులో వచ్చాయి. తల్లి కిన్నమ్మ కార్డుకి ఎర్ర అంచు. భూషణం కార్డుకీ ఎర్ర అంచే. కూతురు మాలతి కార్డుకి మాత్రం పచ్చ అంచు. ఎర్ర కార్డుల మీద పేరు కింద ‘ఆగంతుక మూలం’ అనీ, పచ్చ కార్డు మీద ‘స్థానిక మూలం’ అనీ అచ్చు వేశారు. భూషణం భార్య పోయి మూడేళ్ళయింది. ఇంట్లో ఉన్నది ఆ ముగ్గురే.

మర్నాడు భూషణం ఆ కార్డులు చొక్కా జేబులో పెట్టుకుని రోజూకన్నా రెండు గంటలు ముందే లేబరేటరీకి వెళ్ళాడు. విశాఖపట్నంలో కొండవాలున కట్టిన ఆ రెండంతస్తుల భవనంలో అతను పంతొమ్మిదేళ్ళుగా టెక్నీషియన్. కార్డులకు రంగులు నిర్ణయించే యంత్రం పుట్టింది అక్కడే. దాన్ని తయారు చేసిన శాస్త్రవేత్త పొట్నూరు విశాలాక్షి. దాని ప్రతి లెక్కనూ పరీక్షించి సరిచూసినవాడు భూషణం.

తొమ్మిదింటికి వచ్చిన విశాలాక్షి కార్డులు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చూసింది.

“ఇదేదో పొరపాటు భూషణం గారూ. నమూనాలు తారుమారై ఉంటాయి. ఇప్పుడే ఫోన్ చేస్తాను.”

“తారుమారవలేదు మేడమ్. ఇంటి దగ్గరే దూదిపుల్లలు తీసి తెచ్చాను. పొద్దున్నే ముగ్గురివీ మన పెట్టెలో వేసి చూశాను. పరాయి మూలం మా అమ్మకి నూటికి నలభై ఎనిమిది పాళ్ళు, నాకు ఇరవై మూడు, పిల్లకి తొమ్మిది. ఇరవై దాటితే ఎరుపు గదా. మిషన్ కరెక్టుగానే చెప్పింది.”

ఆ చివరి మాట అంటున్నప్పుడు అతని గొంతులో అలవాటైన గర్వం కాస్త పలికింది. అది తనకే వినబడి తల దించుకున్నాడు.

ఆ యంత్రం పేరు మూలదర్శిని. ఇడ్లీ కుక్కరంత పెట్టె. చెంప లోపల తిప్పిన దూదిపుల్లను అందులో పెడితే ఏడు నిమిషాల్లో ఆ మనిషి పూర్వీకులు ఏయే ప్రాంతాల్లో బతికారో తెర మీద రంగుల పటం గీస్తుంది. విశాలాక్షి దాన్ని రోగుల కోసం చేసింది. రక్తపు జబ్బు ముదిరిన పిల్లలకు ఇంకొకరి ఎముక మజ్జ ఎక్కించాలి. అది ఎవరిది పడితే వారిది సరిపోదు. మూలాలు కలిసినవాళ్ళలో వెతికితే దొరికే అవకాశం ఎక్కువ. ఎక్కడ వెతకాలో మూలదర్శిని చెప్పేది. పార్వతీపురం పిల్ల ఒకతెకి సరిపోయే దాతగా ఒరిస్సా లారీ డ్రైవరు దొరికిన రోజున లేబరేటరీ అంతా మిఠాయి పంచుకున్నారు. పదకొండేళ్ళలో నలభై ఒక్క వేలమంది తమ పేర్లు దాతల జాబితాలో రాయించుకున్నారు.

రెండేళ్ళ కిందట మూల నమోదు చట్టం వచ్చింది. దేశంలో ప్రతి మనిషీ ఎక్కడివాడో యంత్రమే తేల్చాలన్నారు. విశాలాక్షిని ఢిల్లీ పిలిచారు. ఆమె సాంకేతిక ప్రశ్నలకు జవాబులు చెప్పి, టీ తాగి వచ్చేసింది. ‘కాగితం మీద రంగే కదా’ అనుకుంది. గట్టిగా ఆలోచిస్తే ఏమనిపిస్తుందోనని ఆలోచించడం మానేసింది.

ఇప్పుడు ఆ రంగు భూషణం చేతిలో ఉంది. ఎర్ర కార్డు వాళ్ళకి ఓటు లేదు, పింఛను లేదు. ఆరు నెలల్లో విచారణ సంఘం ముందు తాము ఇక్కడివాళ్ళమేనని నిరూపించుకోవాలి. ఎర్ర కార్డు ఉన్నవాడు ప్రభుత్వ సమాచారం ముట్టుకోకూడదు కాబట్టి భూషణానికి వచ్చే నెలాఖరుతో ఉద్యోగం కూడా లేదు.

“మా అమ్మ ఒకసారి మిమ్మల్ని భోజనానికి తీసుకురమ్మంది మేడమ్,” అన్నాడతను. “కోపంతో కాదు. ఏదో అడగాలంట.”

ఆదివారం మధ్యాహ్నం విశాలాక్షి కంచరపాలెం దగ్గరి బర్మా కాలనీకి వెళ్ళింది. వరండాలో అరుగు మీద ఎనభై ఒక్కేళ్ళ కిన్నమ్మ ఉల్లిపాయలు సన్నగా తరుగుతూ కూర్చుంది. అసలు పేరు ఖిన్. రంగూన్‌లో పుట్టింది. తండ్రి బారువ రేవు నుంచి ఓడెక్కి వెళ్ళి అక్కడి బియ్యం మిల్లులో మూటలు మోసిన మనిషి, తల్లి బర్మా మనిషి. తొమ్మిదేళ్ళప్పుడు అక్కడి ప్రభుత్వం పరాయివాళ్ళందర్నీ పొమ్మంటే తండ్రి చెయ్యి పట్టుకుని ఈ ఒడ్డున దిగింది. ఖిన్ అనడం నోరు తిరక్క ఇక్కడివాళ్ళు కిన్నమ్మని చేశారు.

“రా డాక్టరమ్మా, కూకో. ఇది తింటావో తినవో. కొబ్బరిపాలలో ఉడకబెట్టిన సేమియా అనుకో.”

నర్సింగు చదువుతున్న మాలతి పళ్ళెం తెచ్చి ఠక్కున పెట్టింది. ఆ పిల్లకి విశాలాక్షి మీద కోపం దాచుకోవడం చేతకాలేదు.

“ఈ ఇంట్లో నేనొక్కదాన్నే దేశస్థురాలినండి. మా నాన్నా మామ్మా నాకు అతిథులు. ఆ పచ్చ కార్డు పొయ్యిలో పెట్టేద్దామనుకుంటే మామ్మ పెట్టనివ్వలేదు.”

“కాల్సీడం ఎందుకే? దాసుకో. ఇంట్లో ఒక్కరికైనా పనికొస్తాది,” అని కిన్నమ్మ విశాలాక్షి వైపు తిరిగింది. “అక్కడ బడిలో నన్ను ‘కలా’ అని ఏడిపించీవోరు. ఇండియా మనిషినని ఎగతాళి. ఇక్కడికొచ్చాక బర్మాదాన్ననీసినారు. నీళ్ళకాడ కడవ ముట్టుకుంటే తిట్టీవోరు. అన్నీ పడ్డాను. పడీపడీ అలవాటైపోనాది. కానీ అప్పుడు తిట్టినోళ్ళు మనుషులమ్మా. ఆళ్ళతో దెబ్బలాడొచ్చు. మళ్ళీ మాటాడొచ్చు. ఆ తిట్టినోళ్ళ కోడలికి పురుడు పోసింది కూడా నానే. ఈ పెట్టితో ఎలాగ దెబ్బలాడతాను?”

విశాలాక్షి పళ్ళెం పక్కన పెట్టింది. మంచినీళ్ళు తాగింది.

“అందుకే నిన్ను రమ్మన్నాను. ఒక్కటే అడుగుతాను. ఆ పెట్టి ఎప్పట్నించి లెక్కెడతాది?”

“పన్నెండు తరాల నుంచమ్మా. సుమారు మూడు వందల ఏళ్ళు.”

“పన్నెండే ఎందుకు? పదమూడో తాత మనిషి కాడేటి?”

విశాలాక్షి జవాబు చెప్పబోయింది. నోటి దాకా వచ్చిన మాటలన్నీ ఆమె పరిశోధన పత్రంలో రాసినవే. వాటిల్లో ఒక్కటి కూడా కిన్నమ్మ ప్రశ్నకి జవాబు కాదు.

ఇంటికి తిరిగి వెళుతుంటే దారంతా ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు. పదకొండేళ్ళ కిందటి ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. యంత్రానికి పక్కన ఒక మీట ఉంటుంది. ఎన్ని తరాల వెనక్కి చూడాలో దాంతో మార్చవచ్చు. ఐదు దగ్గర పెడితే పటం నిండా చుక్కలు. ముప్ఫై దాటితే ఎక్కడెక్కడి రంగులో వచ్చి చేరి పటం చిందరవందర. పన్నెండు దగ్గర మాత్రం రంగులు చీర అంచుల్లా విడివిడిగా, చక్కగా వచ్చాయి. దాతల్ని వెతకడానికి అది చాలు. ఆమె పన్నెండు దగ్గర మీట ఆపి ఇంటికి వెళ్ళిపోయింది. అంతే జరిగింది. ఆ అంకెను ఎవరూ మళ్ళీ ప్రశ్నించలేదు. చట్టంలో రాసేశారు. నమోదు సంస్థకు అమ్మిన పెట్టెల్లో ఆ మీట కదలకుండా సీలు వేసేశారు.

ఆ వారమే ఇంకో దెబ్బ తగిలింది. కొత్త దాతల కోసం శృంగవరపుకోటలో శిబిరం పెడితే సాయంత్రం దాకా ఒక్కరూ రాలేదు. “చెంపలో పుల్ల పెట్టించుకుంటే దేశంలోంచి గెంటేస్తారంట” అన్న మాట ఊళ్ళ వెంట పాకిపోయింది. జాబితాలో ఉన్నవాళ్ళు కూడా తమ పేర్లు కొట్టేయమని ఫోన్లు చేయసాగారు. ఆసుపత్రిలో ఆరేళ్ళ పాప ఒకతె మజ్జ కోసం ఎదురుచూస్తోంది. ఆ పాపను చూస్తున్న డాక్టరు విశాలాక్షికి ఫోన్ చేసి, “కొత్త పేర్లు ఏమైనా వచ్చాయా?” అని అడిగాడు. రాలేదని చెప్పింది. “సరేనండి” అని అతను పెట్టేశాడు.

మర్నాడు ఆమె భూషణాన్ని గదిలోకి పిలిచి తలుపు వేసింది.

“మీ అమ్మగారి విచారణ ఎప్పుడు?”

“వచ్చే నెల ఎనిమిదిన మేడమ్.”

“ఆవిడ తరఫున నేను సాక్ష్యం చెబుతాను. సీలు వెయ్యని పెట్టె మన దగ్గర ఒక్కటే ఉంది. దాన్ని సిద్ధం చెయ్యండి.”

భూషణం తలుపు దాకా వెళ్ళి ఆగాడు. “మేడమ్, మీరు అలాగ చెబితే ఈ లేబరేటరీ ఉంటాదా?”

“ఉండకపోవచ్చు.”

“మా అమ్మ కోసమని మీరు...”

“మీ అమ్మగారు అడిగిన దానికి నేనింకా జవాబు చెప్పలేదు భూషణం గారూ. అది బాకీ ఉండిపోయింది.”

విచారణ రోజున హాలు నిండిపోయింది. సగంమంది ఎర్ర కార్డుల వాళ్ళు. పీఠం మీద విశ్రాంత న్యాయమూర్తి ఇందుకూరి సరళాదేవి కూర్చుంది. నమోదు సంస్థ తరఫున కమిషనర్ బొడ్డు సత్యకీర్తి వచ్చాడు. మర్యాదస్థుడు. కిన్నమ్మ లోపలికి వస్తుంటే లేచి కుర్చీ వేయించాడు.

“నాకు ఎవరి మీదా ద్వేషం లేదండి,” అన్నాడతను న్యాయమూర్తితో. “ఈ దేశంలో ఎవరు ఎక్కడివాళ్ళో తెలియాలని చట్టం కోరింది. మనుషులు తేలిస్తే పక్షపాతం వస్తుంది. అందుకే శాస్త్రానికి వదిలేశాం. శాస్త్రం ఒక అంకె ఇచ్చింది.”

విశాలాక్షి లేచింది. “ఆ అంకె శాస్త్రం ఇవ్వలేదండి. నేనిచ్చాను. ఎలా ఇచ్చానో చూపించడానికి అనుమతి కావాలి. ఎవరైనా ఒకరు నమూనా ఇస్తే చాలు.”

“నాది తీసుకోండి,” అన్నాడు సత్యకీర్తి ధీమాగా. “మాది కళింగపట్నం. తాతలనాటి నుంచీ ఆ నేలే.”

భూషణం దూదిపుల్లతో అతని దగ్గరికి వెళ్ళాడు. కమిషనర్ నోరు తెరిచాడు. ఏడు నిమిషాలు గడిచాయి. గోడ మీది తెర పచ్చగా వెలిగింది. స్థానిక మూలం తొంభై ఏడు. కమిషనర్ వెనక కూర్చున్న ఉద్యోగులు సంతోషంగా గుసగుసలాడారు.

“ఇది పన్నెండు తరాల దగ్గర,” అంది విశాలాక్షి. “భూషణం గారూ, నలభై పెట్టండి.”

మీట తిరిగింది. పటం మీద పశ్చిమం నుంచి గోధుమరంగు చార ఒకటి పాకి వచ్చింది. స్థానిక మూలం డెబ్భై ఒకటి.

“నూట ముప్ఫై.”

ఈసారి పచ్చరంగు మూడో వంతుకి చిక్కిపోయింది. వాయవ్యం నుంచి రెండు రంగులు దిగాయి. తూర్పు నుంచి, బర్మా మీదుగా, ఒక పసుపు చార వచ్చి కళింగపట్నం మీద నిలిచింది.

“ఆ పసుపు ఏమిటి?” అని సరళాదేవి ముందుకు వంగింది.

“వరి నాటుకుంటూ తూర్పు నుంచి నడిచి వచ్చినవాళ్ళండి. కమిషనర్ గారి ఊరి పొలాల్లో మొదట వరి వేసింది వాళ్ళే కావచ్చు. కిన్నమ్మగారి తల్లి వైపు వాళ్ళదీ ఇదే రంగు. ఆవిడ కార్డుని ఎర్రగా చేసింది ఈ పసుపే.”

హాల్లో ఎవరో నవ్వారు. సత్యకీర్తి నవ్వలేదు, కోపగించుకోనూ లేదు. తెరను అలాగే చూస్తూ నిలబడ్డాడు.

“అయితే ఇక్కడ స్థానికులు ఎవరూ లేరంటారా?” అని న్యాయమూర్తి అడిగింది.

“మీట ఎక్కడ ఆపాలో నన్ను చెప్పమంటే, ఈ హాల్లో ఎవరినైనా స్థానికుల్ని చెయ్యగలను. ఎవరినైనా ఆగంతుకుల్ని చెయ్యగలను. పెట్టె అబద్ధం చెప్పదండి. కానీ ఎక్కడ ఆపాలన్నది పెట్టె చెప్పదు. అది తిప్పే చెయ్యి చెబుతుంది.”

“మరి పన్నెండు దగ్గర ఎందుకు ఆపారు?”

ఆమె ఒక క్షణం బల్ల అంచు పట్టుకుంది. “అక్కడ పటం చూడడానికి బాగుంది.”

సత్యకీర్తి తిరిగాడు. “ఈ సంగతి మాకు అప్పుడే ఎందుకు చెప్పలేదు మేడమ్? రెండేళ్ళుగా లక్షల కార్డుల మీద నా సంతకం పడింది.”

“మీరు అడగలేదు. అడగలేదు కదా అని నేనూ చెప్పలేదు. ఆ తప్పు నాదే.”

న్యాయమూర్తి చాలాసేపు ఏదో రాసుకుంది. తరవాత అడిగింది: “ఈ రంగులు తీసేసి, దాతల జాబితా మాత్రం ఉంచుకునే మార్గం ఉందా? అది ప్రాణాలు కాపాడుతోందని విన్నాను.”

విశాలాక్షి భూషణం వైపు చూసింది. ఈ ప్రశ్న వస్తుందని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ వారం రోజులు దీని గురించే వాదించుకున్నారు.

“లేదండి. పేరూ మూలమూ ఒకే చోట ఉన్నంత కాలం రేపు ఇంకెవరో వచ్చి ఇంకో అంకె దగ్గర మీట ఆపుతారు. మొత్తం చెరిపేయాలి. మళ్ళీ మొదలుపెడతాం. ఈసారి మూలం రాయం. మజ్జ సరిపోతుందా లేదా, అంతవరకే.”

మూడు వారాల తరవాత తీర్పు వచ్చింది. పన్నెండు అన్న అంకెకు ఆధారం లేదనీ, ఆ అంకె మీద అచ్చు వేసిన కార్డులేవీ చెల్లవనీ సరళాదేవి రాసింది. ఓట్లు తిరిగి ఇవ్వాలంది. పింఛన్లు తిరిగి ఇవ్వాలంది. నమూనాలన్నీ చెరిపేయాలంది. సంస్థ పై కోర్టుకి వెళ్ళాలనుకుంది. సత్యకీర్తి అప్పీలు కాగితాల మీద సంతకం పెట్టకుండా బదిలీ అడిగి వెళ్ళిపోయాడు. ఆ కాగితాలు కదలక గడువు దాటిపోయింది.

నలభై ఒక్క వేల పేర్లూ చెరిపెయ్యడానికి ఒక మధ్యాహ్నం చాలింది. చెరిపే మీట నొక్కమని విశాలాక్షి భూషణానికి చెప్పింది. అతను మీరే నొక్కండన్నాడు. చివరికి ఇద్దరూ కలిసి నొక్కారు. తెర ఖాళీ అయింది. లేబరేటరీకి పై నుంచి వచ్చే సాయం ఆగిపోయింది. కింది అంతస్తు గదులకి తాళాలు పడ్డాయి. విశాలాక్షి డైరెక్టరు పదవి పోయింది. పై అంతస్తులో ఒక గది, ఒక పెట్టె, భూషణం మిగిలారు.

ఆసుపత్రిలో పాప ఇంకా ఎదురుచూస్తోంది. మొదటి శిబిరం ఎక్కడ పెట్టాలని ఆలోచిస్తుంటే మాలతే అంది, “మా కాలనీలో పెట్టండి. బడి ఖాళీ ఆదివారం.” ఆ పిల్ల గొంతులో పాత కోపం లేదు. ఇంకా స్నేహమూ రాలేదు. పని చేద్దామన్న తొందర మాత్రం ఉంది.

ఆదివారం ఉదయం బడి వరండాలో బల్ల వేశారు. తొమ్మిదయింది. ఎవరూ రాలేదు. తొమ్మిదిన్నరకి ఇద్దరు ముసలివాళ్ళు గేటు దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడ్డారు. శృంగవరపుకోట గుర్తొచ్చి విశాలాక్షి కాగితాలు సర్దినవే మళ్ళీ సర్దింది.

అప్పుడు కిన్నమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని కర్ర పొడుచుకుంటూ వచ్చింది. గేటు దగ్గరివాళ్ళని చూసి, “ఏటలా నిలబడిపోనారు? నాను ముందు. నా ఎనక రండి,” అంది. వాళ్ళు ఆమె వెనకే వచ్చారు. వాళ్ళ వెనక వీధిలోంచి ఇంకో నలుగురు వచ్చారు.

“అమ్మా, నీ వయసు వాళ్ళ దగ్గర మజ్జ తీసుకోరు,” అన్నాడు భూషణం మెల్లగా. “మాలతి ఇస్తాది. నువ్వు కూర్చో.”

“తీసుకోకపోతే మానీండి. పేరు రాయండి.” కాగితం అందుకుని అటూ ఇటూ తిప్పింది. “ఇదేటి, ఊరు రాసే గడి లేదేటి?”

“తీసేశాం అమ్మా,” అంది విశాలాక్షి. “ఎక్కడివాళ్ళని ఎవరినీ అడగం.”

“అడక్కపోతే ఎలాగమ్మా? పెట్టినడిగితే తప్పు గానీ, నన్నడిగితే తప్పేటి? నానెక్కడిదాన్నో నాకు తెల్దా? రాసుకో, సెప్తాను.”

విశాలాక్షి కాగితం వెనక్కి తిప్పి పెన్ను తీసింది. వెనక ఉన్నవాళ్ళు దగ్గరికి జరిగారు.

“పుట్టింది రంగూన్, బియ్యం మిల్లు ఎనకాల ఈధి. నాన్న బమ్మిడి నరసయ్య, బారువ. అమ్మ సాన్ యీ. అమ్మకి అక్కడి కాగితం ఉంది, నాన్నకి లేదు. ఓడ ఎక్కే రోజున మా ఇద్దర్నీ ఎక్కనిచ్చినారు. అమ్మని ఆపీసినారు. నువ్వు ఈ దేశపుదానివి, నువ్వెల్లడానికి ఈల్లేదన్నారు. ఓడ కదిలినాక రేవులో నిలబడి సెయ్యూపింది. ఆ సెయ్యి కనపడినంతసేపు సూశాను.”

భూషణం చేతిలో దూదిపుల్ల అలాగే ఉండిపోయింది. “అమ్మా, అమ్మమ్మ రంగూన్‌లోనే చనిపోయిందని కదా చెప్పావు?”

“సచ్చిపోయిందంటే ఎవరూ మళ్ళీ అడగరు గదా నాయనా. బతికుందంటే ఎక్కడుంది, ఎలాగుంది అంటారు. ఏటని సెప్తాను?” ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని విశాలాక్షి వైపు వంగింది. “అప్పటికి మా అమ్మకి పాతికేళ్ళుంటాయి. మళ్ళీ పెళ్ళాడిందేమో. పిల్లల్ని కందేమో. ఆళ్ళకి పిల్లలుంటారు గదా. నీ పెట్టి మజ్జ కలిసినోళ్ళని దేశాలు దాటి ఎతుకుతాదని మా మాలతి సెప్పింది. నిజవేనా?”

“నిజమే అమ్మా. అక్కడి ఆసుపత్రుల జాబితాలు కూడా చూస్తుంది. మీ వాళ్ళెవరైనా అందులో ఉంటే దగ్గరి చుట్టమని తెలిసిపోతుంది.” విశాలాక్షి పెన్ను ఆపింది. “కానీ అందుకు మీ పేరు ఉంచాలి. మేము అందరి పేర్లూ తీసేసి నంబర్లు ఇస్తున్నాం. మీకిష్టమైతేనే...”

“ఉంచు. పెద్ద అచ్చరాలతో ఉంచు. కిన్నమ్మ అని కాదు, ఆళ్ళకి తెల్దు. ఖిన్ అని రాయి.”

ఆమె కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. భూషణం ఒక చేత్తో తల్లి గడ్డం పట్టుకుని, చిన్నపిల్లకి మందు వేస్తున్నంత జాగ్రత్తగా చెంప లోపల పుల్ల తిప్పాడు. వెనకనున్న ముసలాయన అప్పటికే తన కాగితం బోర్లించి విశాలాక్షి ముందుకు తోశాడు.

“మాది బర్మాలో మౌల్మీన్ తల్లీ. నాదీ రాయి. కాస్త పెద్ద కథ.”

విశాలాక్షి కుర్చీ దగ్గరికి లాక్కుని, పెన్ను విదిలించి, రాయడం మొదలుపెట్టింది.